గాలి బెజ్జం

మరిపెడ,
12 ఫిబ్రవరి 1978

సాల్మన్ అన్నకు తమ్ముడు మొగిలయ్య శనార్తులు.

అన్నా, అంబాసిడర్ మల్ల గదే కత. పోయిన నెల నీ షెడ్డుల రెండు రోజులు పెట్టిన. కాజీపేట దాక తోలి చూసినవ్. ఒక్క దెబ్బ మిస్సింగ్ కొట్టలే. నాకే పిచ్చిలేసినట్టు చూసినవ్. ఇంటికొచ్చినంక వారం రోజులు మంచిగనే నడిచింది. తర్వాత తొర్రూరు దాటంగనే మల్ల షురూ చేసింది.

ఎట్లయితదో చెప్తాన, ఇను. ఇరవై మైళ్ళ దాక ఏం తెల్వది. ఆడికెల్లి టప్ టప్ మని మిస్సింగ్. యాక్సిలేటర్ ఎంత తొక్కినా ఎక్కదు, అలసిన ఎడ్ల లెక్క మెడలు దించుతది. కార్బొరేటర్ల ఫట్ మని దగ్గుతది. ఆగుతది. అరగంట కూసుంటే ఏం ఎరుగనట్టు స్టార్టయితది. ఊళ్ళె తిరిగితే ఏ తక్లీఫ్ లేదు, దూరం పోతేనే.

మొన్న శుక్రవారం నర్సయ్య బిడ్డకు నొప్పులొస్తే వరంగల్ దవాఖానకు తీస్కపోతాన. తొర్రూరు అవుతల ఆగింది. ఆ పిల్ల ఒర్లుతాంది, నేను బానెట్ లేపి నిలబడ్డ. ఆఖరికి లారీల ఎక్కిచ్చిన. తల్లీ పిల్ల బతికిండ్రు గని ఊళ్ళె ఇగ నా బండి ఎవ్వలు ఎక్కుతలేరు.

ఇంకో ముచ్చట. దసరా ఎల్లినంక మా చెల్లె మొగడు కరెంటు మోటరు కాడ షాక్ కొట్టి సచ్చిండు. గామె మా ఇంటికొచ్చింది. బండి చెడ్డది గప్పటి సందే. ముండమోసిన ముఖం ఎదురొస్తే బండెట్ల నడుస్తది అని నా పెండ్లాం బక్కమ్మ అంటాంది. నేను గూడ గదే అనుకుంటాన. బండి మలుపు తిరిగెదాక పెరట్లనే ఉండుమని చెల్లెకు చెప్పిన. ఉంటాంది. అయినా ఆగుతాంది. నీకు నమ్మకం లేదని ఎరుకే గని ఉన్నది ఉన్నట్టు రాపిస్తాన.

జర తొవ్వ చెప్పు.

ఇట్లు,
మొగిలయ్య


వరంగల్, మట్టెవాడ,
19 ఫిబ్రవరి 1978

తమ్ముడు మొగిలయ్యకు,

నీ ఉత్తరం అందింది. మనిద్దరం ఒకే లారీ మీద క్లీనర్లుగా ఐదేళ్ళు తిరిగాం. అప్పుడూ నువ్వు పిల్లి ఎదురొస్తే టైరు మార్చేవాడివి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, బండి తెలియనివాడు మనుషుల మీద పడతాడు. ఇనుముకు ఎవరు విధవో ఎవరు ముత్తైదువో తెలియదు. ఆ మాట అక్కడ పెట్టు, పని సంగతి చూద్దాం.

బండి ఇక్కడికి తేవద్దు. నా దగ్గర అది బుద్ధిగా ఉంటుంది. డాక్టరు ముందు కూర్చోగానే పంటినొప్పి పోయినట్టు. రోగం చూపించని బండికి నేను ఏ మందు వేసేది? అది రోడ్డు మీద ఏం చేస్తుందో నువ్వు రాయించు, నేను ఇక్కడ కూర్చొని చూస్తాను.

మొదట కండెన్సర్ మార్చు. వేడెక్కాక చచ్చి, చల్లబడ్డాక లేచే గుణం దానికి ఉంది. అది కాకపోతే కాయిల్. అదీ కాకపోతే పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి చూడు. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకో. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే బండి బాగవుతుంది కానీ రోగం ఏదో తెలియదు. తెలియని రోగం మళ్ళీ వస్తుంది. అప్పుడు నువ్వు మళ్ళీ ఎవరి ముఖమో వెతుక్కుంటావు.

నీ ఉత్తరం రాసినవారి చేతిరాత బాగుంది. గుండ్రంగా, ఎక్కడా కొట్టివేత లేదు. వారినే ఒక పట్టిక రాసి పెట్టమను. ఏ రోజు వెళ్ళావు, ట్యాంకులో పెట్రోలు ఎంత, ఎక్కడ ఆగింది, ఎంతసేపటికి లేచింది.

ప్రభువు నీ ఇంటిని చల్లగా చూడాలి.

సాల్మన్


మరిపెడ,
5 మార్చి 1978

సాల్మన్ అన్నకు మొగిలయ్య శనార్తులు.

కండెన్సర్ మార్చిన. ఆగింది. పాతదే వెట్టి కాయిల్ మార్చిన. ఆగింది. నువ్వు చెప్పినట్టు ఒక్కటొక్కటే. తడిగుడ్డ వేస్తే అరగంటకు లేచింది. గుడ్డ వెయ్యకున్నా అరగంటకే లేచింది. ఇగ గుడ్డ ఏం చేసినట్టు?

మనుషులు ఎక్కుతలేరని మిర్చి బస్తాలు ఏసుకపోతాన. అంబాసిడర్ల మిర్చి ఏందిరా అని మార్కెట్ల నవ్విండ్రు. తుమ్ములతోని సచ్చిపోతాన.

బక్కమ్మ శుక్రం శుక్రం బండికి పసుపు కుంకుమ వెడ్తనే ఉన్నది. దిష్టి తీసింది. కోడిని కోసింది. ఏం గాలే. పెద్దమనుషులు కూసోని ఒక మాటన్నరు. చెల్లెను పరకాలల అత్తగారింట్ల దింపి రమ్మని. మొగని ఇల్లు మొగనిదే గద, ఆడ బావ ఉన్నడు, పొలం ఉన్నది, కూలి దొరుకుతది. ఉగాది ముంగట తోలుతనని ఒప్పుకున్న. ఏప్రిల్ రెండు, ఆదివారం. గామె పోయినంక బండి బాగైతే అయ్యె. గాకుంటే అమ్ముత.

పట్టిక కింద ఉన్నది.

ఇట్లు,
మొగిలయ్య

ఫిబ్రవరి 22, బుధవారం. ట్యాంకు సగం. వర్ధన్నపేట దాటాక ఆగింది. ఇరవై నిమిషాలు.
ఫిబ్రవరి 24, శుక్రవారం. ట్యాంకు నిండా. తొర్రూరు చేరకముందే ఆగింది. నలభై నిమిషాలు.
మార్చి 1, బుధవారం. ముందు రోజంతా పెద్ద వాన, బండి బయటే ఉంది. ట్యాంకు నిండా. వరంగల్ వెళ్ళి వచ్చింది. ఆగలేదు.
మార్చి 3, శుక్రవారం. ట్యాంకు నిండా. తొర్రూరు చేరకముందే ఆగింది. ముప్ఫై ఐదు నిమిషాలు.
ఇవి కాక ఊళ్ళో పదకొండు తిరుగుళ్ళు. ఒక్కసారీ ఆగలేదు.


వరంగల్, మట్టెవాడ,
11 మార్చి 1978

మొగిలయ్యకు,

పట్టిక నాలుగుసార్లు చదివాను. నా షెడ్డులో పదేళ్ళు పనిచేసినవాళ్ళు కూడా ఇంత శుభ్రంగా చెప్పలేదు. ఇది నువ్వు చెప్పి రాయించింది కాదు. నీకు నెలల పేర్లే వరసగా రావు.

ఇక విను. కరెంటు రోగమైతే దీపం ఆర్పినట్టు ఒక్కసారి పోతుంది. నీ బండి దగ్గుతుంది, మెడ దించుతుంది, తర్వాత పోతుంది. అది ఆకలి. పెట్రోలు అందడం లేదు. కండెన్సర్, కాయిల్ రెండూ కరెంటువే, అవి నీ చేత మార్పించాను, అది నా తొందర.

ట్యాంకు నిండా ఉన్నప్పుడు తొందరగా ఆకలి వేస్తోంది. సగం ఉంటే ఇంకొంత దూరం పోతోంది. విచిత్రంగా ఉంది కదా? విచిత్రమేమీ లేదు. ట్యాంకులోంచి పెట్రోలు బయటికి రావాలంటే ఆ చోటికి గాలి లోపలికి పోవాలి. కిరసనాయిలు డబ్బాకు ఒకే బెజ్జం పెట్టి ఒంపి చూడు, గుటక గుటకగా వచ్చి ఆగుతుంది. రెండో బెజ్జం పెడితే ధారగా వస్తుంది. బండికి ఆ రెండో బెజ్జం పెట్రోలు మూతకే ఉంటుంది, సూది మొనంత. అది మూసుకుపోతే లోపలున్న గాలే దిక్కు, ట్యాంకు నిండా ఉంటే ఆ గాలీ తక్కువే.

ఈసారి ఆగినప్పుడు బానెట్ ముట్టుకోకు. నేరుగా వెనక్కి పోయి, మూత దగ్గర చెవి పెట్టి, మెల్లగా తిప్పు. ఏం వినిపించిందో రాయించు. మూత మీద ఏముందో కూడా చూడమను, ఆ పట్టిక రాసినవారిని.

చెల్లెలిని తోలే పని కొన్నాళ్ళు ఆపు. నా మాట విను.

సాల్మన్


మరిపెడ,
20 మార్చి 1978

సాల్మన్ అన్నకు,

ఈ ఉత్తరం మా అన్న చెప్పగా రాసింది కాదు. నేను కట్టమ్మను, ఆయన చెల్లెలిని. ఎనిమిదో తరగతి దాకా చదివాను. ఇంట్లో అక్షరం తెలిసింది నేనొక్కదాన్నే కాబట్టి ఉత్తరాలన్నీ నేనే రాస్తాను, వచ్చినవి నేనే చదివి వినిపిస్తాను. ముందు రాసినవి కూడా నేనే రాశాను.

17న శుక్రవారం అన్న మీరు చెప్పినట్టే చేశాడు. మూత తిప్పితే పాము బుసకొట్టినట్టు సుయ్యిమని గాలి లోపలికి గుంజిందట. వెంటనే స్టార్టయిందట, అరగంట ఆగే పనే లేకుండా. వచ్చి నాకు చెప్పి, "మీ సాల్మన్ అన్నకు మంత్రాలొస్తయే" అన్నాడు. నాలుగు నెలల తర్వాత నాతో నవ్వుతూ మాట్లాడింది ఆ రోజే. కానీ పరకాల మాట మార్చలేదు. పెద్దమనుషుల ముందు ఒప్పుకున్నాడు కదా.

మూత చూశాను. దాని మీద పసుపు గట్టిగా పేరుకొని ఉంది, గోటితో తీస్తే పెచ్చు పెచ్చుగా వచ్చేంత. మా వదిన తెరుచుకునే ప్రతిచోటా పసుపు పెడుతుంది. తలుపులకు, డిక్కీకి, బానెట్‌కు, పెట్రోలు మూతకు. తెరుచుకునేదంతా గడప లెక్కనేనట. గడపకు పసుపు లేకుంటే పీడ లోపలికి వస్తుందట. ఇదివరకు ఏటా దసరాకు మాత్రం పెట్టేది. నేను వచ్చాక ప్రతి శుక్రవారం పెడుతోంది, రోజురోజుకూ మందంగా.

నేను ఇప్పుడేం చేయాలో తెలియడం లేదు. బెజ్జం తీస్తే బండి బాగవుతుంది. ఎందుకు బాగైందో చెబితే వదిన నన్ను బతకనివ్వదు. పసుపు మీద నింద వేశానంటుంది, పైగా నేను. చెప్పకపోతే పరకాల పోవాలి. పరకాల ఇంట్లో మా బావ ఉన్నాడు. ఆయన భార్య పుట్టింటికి పోయి రెండేళ్ళయింది. మా ఆయన బతికి ఉండగానే నేను ఆ ఇంట్లో గొళ్ళెం పెట్టుకొని పడుకునేదాన్ని. ఇంతకంటే రాయలేను. నాకు భయంగా ఉంది.

మీ జవాబు మా అన్న పేరు మీదనే రాయండి.

కట్టమ్మ


వరంగల్, మట్టెవాడ,
25 మార్చి 1978

(పైన పేరు మొగిలయ్యది. లోపలిది నీకు.)

చెల్లెమ్మా కట్టమ్మా,

ముందు నా తప్పు చెప్పాలి. జనవరిలో బండి వచ్చినప్పుడు మొదట దాన్ని కిరసనాయిలు, నీళ్ళతో ఒళ్ళంతా కడిగించాను. కడగని బండిని నేను ముట్టుకోను, అదొక పట్టింపు నాకు. అట్లా రోగాన్ని నా చేతులతోనే కడిగేసి, రెండు రోజులు రోగం కోసం వెతికాను. మొన్నటి వాన చేసిందీ అదే. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది నా పని.

మీ వదిన లెక్క పూర్తిగా తప్పు కాదు. నువ్వు వచ్చాకే బండి చెడింది. నువ్వు వచ్చావని ఆమె పసుపు పెట్టింది, పసుపు బెజ్జం మూసింది, బెజ్జం మూసుకొని బండి ఆగింది, బండి ఆగిందని ఇంకా మందంగా పెట్టింది. మొదలూ చివరా చూశారు, నడుమ ఉన్నది చూడలేదు. నేను ప్రార్థన చేసేవాడిని, ఆమె భక్తిని తక్కువ చేయను. కానీ నేను కిరస్తానం మనిషిని. పసుపు బండిని ఆపిందని నా నోట వస్తే, పసుపు మాట పోయి మతం మాట వస్తుంది. మొగిలయ్య ఇంట్లో అది నాకు ఇష్టం లేదు.

ఇప్పుడు అసలు సంగతి, జాగ్రత్తగా చదువు. ఒకసారికి ఒక్కటే మార్చాలని మీ అన్నకు రాశాను. నువ్వు పరకాల పోయాక ఏ వానకో ఆ బెజ్జం తెరుచుకుందనుకో. నువ్వు పోయావు, బండి బాగైంది. రెండూ ఒక్కసారే మారాయి. ఇక నువ్వే పీడవని ఊరంతా రాసిపెట్టుకుంటుంది. ఎవరూ తుడవలేరు. అట్లా కానివ్వకు.

31న శుక్రవారం మీ వదినను పసుపు పెట్టనివ్వు. ఏమీ అనకు. ఆదివారం పొద్దున ఎవరూ చూడకుండా సూదితో ఆ బెజ్జం ఒక్కటి తియ్యి. మూత మీద పసుపు అట్లాగే ఉండాలి. ట్యాంకు నిండా పోయించు. తర్వాత బండి ఎక్కు. పెరట్లో దాక్కోకు. ముందు సీట్లో, మీ అన్న పక్కన కూర్చో. అంతా ఉన్నట్టే ఉంటుంది, పసుపూ నువ్వూ. మారేది బెజ్జం ఒక్కటే. బండి ఆగితే నా పేరు సాల్మన్ కాదు.

ఆ తర్వాత మీ అన్న ఏం చేస్తాడో నేను చెప్పలేను. ఇంజిన్ గురించి అడిగితే చెబుతాను. మనిషి లోపల ఏ బెజ్జం మూసుకుపోయిందో నాకు తెలియదు. ఒకవేళ వాడు వెనక్కి తిప్పకుండా పరకాల దాకా పోతే, దిగవద్దు. వాణ్ణి తీసుకొని నా ఇంటికి రా. మా మరియమ్మ ఉంది, చోటు ఉంది.

ఈ ఉత్తరం చదివి వినిపించేది నువ్వే. ఎంత చదవాలో నీ ఇష్టం.

సాల్మన్


మరిపెడ,
4 ఏప్రిల్ 1978

సాల్మన్ అన్నకు మొగిలయ్య వెయ్యి శనార్తులు.

అన్నా, బండి బాగైంది! మూతకున్న గాలి బెజ్జంల దుమ్ము వడ్డదని, సూదితోని తియ్యుమని నువ్వు రాసినవని చెల్లె సదివింది. తనే తీసింది.

ఆదివారం పరకాల బయలెల్లినం. ముందు సీట్ల కూసుంటనన్నది. బక్కమ్మ నోరు కొట్టుకున్నది. ఎట్లయినా దింపెటందుకే పోతానం గద అని నేనే కూసోమన్న. తొర్రూరు వచ్చింది, దాటింది. నేను స్టీరింగ్ ఇడువకుంట చెవులు రిక్కిచ్చి ఇంటాన, ఇగ దగ్గుతది, ఇగ దగ్గుతది అని. వర్ధన్నపేట దాటింది. వరంగల్ల నీ షెడ్డు ముంగట్నుంచే పోయినం. బంద్ ఉండె, ఆదివారం గద, చర్చికి పోయినట్టున్నవ్. హన్మకొండ దాటింది. పరకాల పొలిమేర దాక ఒక్క దెబ్బ మిస్సింగ్ కొట్టలే.

పొలిమేర కాడ నేనే బండి ఆపిన. "ఏమైందే, ఆగిందా?" అని అడిగింది. ఆగలే, నేనే ఆపిన అన్న. నాకు ఏడుపచ్చింది అన్నా, సిగ్గు లేకుంట చెప్తాన. నాలుగు నెలలు దాన్ని పెరట్ల నిలవెట్టిన. ఏం అనుకొని నిలవెట్టిననో గది అబద్ధమైంది. ఇగ ఏ ముఖం వెట్టుకొని దింపుదు? వాపస్ తిప్పిన. పెద్దమనుషులకు మాట నేను చెప్పుకుంట.

బక్కమ్మ తన పసుపే పనిచేసిందని వాడంత చెప్పుకుంటాంది. అననీ. గని మూత మీద మాత్రం వెడ్తలేదు. పెట్రోలు వాసన తల్లికి పడదు, మూత మీద పసుపు వెట్టొద్దు అని నువ్వు రాసినవట గద. చెల్లె సదివి ఇనిపిచ్చింది. కిరస్తానోనికి అమ్మవారి సంగతి ఎట్ల తెల్సునే అని బక్కమ్మ పరేషాన్. నేను గూడ పరేషానే.

ఇట్లు,
మొగిలయ్య


వరంగల్, మట్టెవాడ,
10 ఏప్రిల్ 1978

మొగిలయ్యకు,

అవును, నేనే రాశాను. బక్కమ్మకు చెప్పు, అన్నీ తెలిసినవాళ్ళను అడిగే రాశానని.

పాత కాయిల్ పారేయకు, దానిది తప్పేమీ లేదు.

సాల్మన్


మరిపెడ,
16 ఆగస్టు 1981

సాలమన్ అన్నకు,

ఇది నేనే రాస్తాన. తప్పులుంటె నవ్వకు. చెల్లె ఇప్పుడు బాలవాడిల టీచరు. పోరగాండ్లకు చెప్పంగ మిగిలిన పలక నాకిచ్చింది. రెండేండ్లు పట్టింది. నెలల పేర్లు గూడ వరసగ వచ్చినయ్. జనవరి కెల్లి డిసెంబర్ దాక.

బండి మంచిగ ఉన్నది. నర్సయ్య బిడ్డకు రెండో కాన్పుకు నేనే తీస్కపోయిన. ఆగలే.

చెల్లె పెట్టెల నీ ఉత్తరాలు దొరికినయ్. చదువు వచ్చింది గద అని కూడబలుక్కొని అన్ని సదివిన. నాలుగు రోజులు పట్టింది. 25 మార్చిది రెండు రోజులు పట్టింది. దుమ్ము అని అండ్ల ఏడ లేదు. పసుపు ఉన్నది. కుడితి తొట్టిల బల్లి ఉన్నది. అమ్మవారి మాట లేనే లేదు. పరకాలల దిగొద్దని నువ్వెందుకు రాసినవని చెల్లెను అడిగిన. చెప్పింది. బావ సంగతి ఇన్నంక నాకు రెండు రోజులు బువ్వ పోలే.

బక్కమ్మకు నేను చెప్పలే. ఇప్పుడు ఇద్దరు ఒక్క కంచంల తింటాండ్లు. ఎందుకు చెప్పుడు?

నేను మొదలు పంపిన ఉత్తరం పోయినేడు నీ ఇంటికొచ్చినప్పుడు మరియమ్మ వదిన ఇచ్చింది, యాది కోసం ఉంచుకోమని. అది గూడ సదివిన. ముండమోసిన ముఖం అని నేను చెప్పిన మాట అండ్ల ఉన్నది. ఆ మాట కాడ గూడ అక్షరం వంకర పోలే. గుండ్రంగ ఉన్నది.

నేను చెప్పింది చెప్పినట్టే రాసింది అన్నా. నువ్వు రాసింది రాసినట్టు సదవలే.

ఇట్లు,
సొంత చేతితోని,
మొగిలయ్య